విశ్వవిద్యాలయములలో పాత్రికేయ విద్య : నిన్న, నేడు

(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగ పాఠము)



75 ఏండ్ల క్రితము మన పాఠశాల తలుపులు తెరచినపుడు ఈ నగరము పేరు మద్రాసు. తరువాత కొలది కాలమునకే, 1953 అక్టోబరు 1వ తేదీన, ఆంధ్ర రాష్ట్రము వేరుపడినది. కార్యాలయములు తరలినవి, పత్రికలు తరలినవి, తరువాత చలనచిత్ర పరిశ్రమయు తరలినది. మనము మాత్రము ఇక్కడనే ఉండిపోతిమి. ఉండిపోయినవారి బిడ్డలకు తెలుగు అక్షరము నిలిపిన చోటు ఇది. ఇట్టి వేదికపై మాటలాడు అవకాశమిచ్చిన కార్యవర్గమునకు కృతజ్ఞుడను.

నేను మొదట పత్రికలో పనిచేసి, ఆ తరువాత విశ్వవిద్యాలయములో పత్రికారచన చదివి, ఆ పిమ్మట అదే విషయమును 20 ఏండ్లకు పైగా బోధించినవాడను. చేసిన తరువాత చదువుకొన్నవాడిని కనుక ఆ చదువులోని మేలు, లోపము రెండును కొంత తెలిసినవి. ఈ సభకు సన్నాహములు జరుగుచుండగా మన పూర్వవిద్యార్థి ఒకరు నన్ను నిలదీసినారు. "అన్నయ్యా, మా అమ్మాయి జర్నలిజం చదువుతానంటున్నది. దానికి విశ్వవిద్యాలయము ఎందుకు? ఫోను చేతిలో ఉన్న ప్రతివాడూ నేడు విలేకరే కదా!" అన్నారు. ఆనాడు నవ్వి ఊరుకొంటిని. ఈనాటి నా ప్రసంగము ఆయనకు బాకీపడిన జవాబు.

అడయారులో తొలి అడుగు

పత్రికారచనను తరగతి గదిలో బోధించు ప్రయత్నము మన దేశములో మొట్టమొదట జరిగినది ఎక్కడనో కాదు, ఈ నగరములోనే. 1920లో అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయములో అనీబిసెంటమ్మగారు ఆ పాఠ్యక్రమమును ప్రారంభించినారు. ఆమె నడుపుచున్న "న్యూ ఇండియా" పత్రికలోనే విద్యార్థులకు ప్రత్యక్ష శిక్షణ. ఆ ప్రయత్నము చిరకాలము నిలువలేదు. అయినను బోధన ఒకచోట, పని మరొకచోట కాక రెండును కలిసి సాగవలెనన్న సూత్రము ఆనాడే మన ముందు నిలిచినది. నూరేండ్లు దాటినను మన విశ్వవిద్యాలయములు ఆ సూత్రమును పూర్తిగా అందుకొనలేదని నా అభిప్రాయము.

అంతకు కొంచెము ముందే అమెరికాలో ఈ విద్యకు పునాది పడినది. మిస్సోరీ విశ్వవిద్యాలయములో 1908లో వాల్టర్ విలియమ్స్ పాత్రికేయ పాఠశాలను తెరచినారు. తరగతులు మొదలైననాడే విద్యార్థుల చేత నిజమైన దినపత్రిక వెలువరింపజేసినారు. ఆశ్చర్యమేమనగా, ఆ విలియమ్స్‌కు కళాశాల పట్టము లేదు. అచ్చు కార్యాలయములో పని నేర్చి పైకి వచ్చిన మనిషి ఆయన. తనకు దక్కని చదువు తరువాతివారికి దక్కవలెనని తపించినవాడు.

రెండవవాడు జోసెఫ్ పులిట్జర్. హంగరీలో పుట్టి, 17వ ఏట, ఆంగ్లము సరిగా రాని దశలో అమెరికా చేరినవాడు. సెయింట్ లూయిస్ నగరములో, వలసవచ్చిన జర్మనుల కొరకు జర్మను భాషలో వెలువడు పత్రికలో విలేకరిగా జీవితము ఆరంభించినాడు. భాషాపరముగా అల్పసంఖ్యాకులమైన మనము గుర్తుంచుకొనవలసిన సంగతి ఇది. ఆయన పత్రికారచనకు విశ్వవిద్యాలయ స్థాయి కావలెనని కోరినపుడు కొలంబియా విశ్వవిద్యాలయము మొదట తిరస్కరించినది. తుదకు ఆయన ఇచ్చిన 20 లక్షల డాలర్ల నిధితో 1912లో అక్కడ పాఠశాల తెరవబడినది. అప్పటికి ఆయన కన్నుమూసి ఏడాది. విలేకరి పుట్టవలెనే గాని తయారు చేయలేమని వాదించినవారికి ఆయన 1904లో ఒక దీర్ఘ వ్యాసములో సమాధానమిచ్చినాడు. వైద్యునికి, న్యాయవాదికి చదువు కావలసివచ్చినపుడు, ప్రజాభిప్రాయమును మలచువానికి అక్కరలేదా అన్నది ఆ వాదము సారాంశము.

మన దేశములో స్థిరముగా నిలిచిన మొదటి శాఖ 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయములో పృథ్వీపాల్ సింగ్ ఆచార్యుల ఆధ్వర్యమున వెలసినది. 1947లో దేశవిభజనతో అది ఢిల్లీకి, 1962లో చండీగఢ్‌కు తరలినది. 1947లోనే మద్రాసు విశ్వవిద్యాలయమున శిక్షణ ఆరంభమైనది. 1951లో మైసూరు, 1952లో నాగపూరు, 1954లో ఉస్మానియా వరుసగా అందుకొన్నవి. ఉస్మానియాలో శాఖకు రూపుదిద్దినవారు డి ఫారెస్ట్ ఓడెల్ అను అమెరికా ఆచార్యులు. 1965లో ఢిల్లీలో భారత జనసమాచార సంస్థ ఏర్పడినది.

కార్యాలయమే గురుకులము

ఈ శాఖలు రాకముందు మన తెలుగు పత్రికలు లేవా? లేకేమి! కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ఆరంభించిన "ఆంధ్రపత్రిక"ను 1914లో ఈ నగరమునకు తెచ్చి దినపత్రికగా చేసినారు. తంబుచెట్టి వీధిలోని ఆ కార్యాలయము ఎందరో రచయితలకు నీడనిచ్చినది. మచిలీపట్నములో ముట్నూరి కృష్ణారావుగారు "కృష్ణాపత్రిక" ద్వారా ఒక తరమునకు ఆలోచన నేర్పినారు. హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో "గోలకొండ పత్రిక"ను నిలిపినారు. 1938లో ఇదే మద్రాసున వెలసిన "ఆంధ్రప్రభ"కు తరువాత సంపాదకులైన నార్ల వేంకటేశ్వరరావుగారి కలమునకు ఎదురులేకుండెను. వీరెవరును పత్రికారచనలో పట్టము పుచ్చుకొన్నవారు కారు.

నాబోటివారు పని నేర్చుకొన్నదియు ఆ పద్ధతిలోనే. మొదట ప్రూఫులు దిద్దుట, తరువాత టెలిప్రింటరు కాగితములు చింపి వరుసగా పేర్చుట, అటుపై చిన్న వార్తల అనువాదము. సీనియరు కొట్టివేసిన వాక్యములు చూచి మనము తెలుసుకొనుటయే గాని, ఎందుకు కొట్టివేసినారో చెప్పువారు లేరు. ఆ విద్యలో వేగమున్నది, క్రమశిక్షణ ఉన్నది, భాషాభిమానము ఉన్నది. లేనిదొక్కటే, ఆగి ప్రశ్నించుటకు తీరిక. ఆ లోపము ఎంతటిదో నా అనుభవము చెప్పితే గాని మీకు బోధపడదు.

ఒక తల్లి తెచ్చిన కాగితము

1970 దశకపు తొలినాళ్లు. నేను ఒక పత్రికలో ఉపసంపాదకుడను. దాని పేరుతో ఇక్కడ పని లేదు. తప్పు నాది. పాత్రల దుకాణములో సొమ్ము పోయినదని, లెక్కలు వ్రాయు యువకుని అరెస్టు చేసినారని పోలీసుల నుండి నాలుగు వాక్యముల సమాచారము వచ్చినది. నేను "దొంగ పట్టుబడినాడు" అని శీర్షిక పెట్టి, అతని పేరు, తండ్రి పేరు, వీధి పేరుతో సహా వేసితిని. అనుమానముపై పట్టుకొన్నారని వ్రాయవలెనన్న ఊహయే నాకు కలుగలేదు. మా బల్ల వద్ద అందరును అట్లే వ్రాయుచుండిరి.

కొన్ని నెలల తరువాత ఒక నడివయసు స్త్రీ కార్యాలయమునకు వచ్చినది. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన పత్రిక ముక్కను నా బల్లపై పరచినది. "బాబూ, నా బిడ్డ దొంగ కాడని కోర్టు చెప్పింది. ఆ మాట కూడా ఇందులోనే వెయ్యండి. పిల్లనిస్తామన్నవాళ్లు ఇది చూసే వెనక్కి పోయినారు" అన్నది. నేనేమంటినో తెలియునా? "అమ్మా, అది పాతబడిపోయినది, ఇప్పుడు వార్త కాదు" అంటిని. ప్రక్కనున్న సీనియరు తల ఊపినారు. ఆమె మారుమాటాడక కాగితమును మరల నాలుగు మడతలు పెట్టి వెళ్లిపోయినది.

తరువాత సెలవు పెట్టి, వేరొక రాష్ట్రములోని విశ్వవిద్యాలయములో డిప్లొమాకు చేరితిని. పత్రికా చట్టములు బోధించు ఆచార్యులు ఒకనాడు మమ్ము అడిగినారు. "మీలో పత్రికలలో పనిచేసినవారు ఉన్నారు గదా. అరెస్టు వార్త వ్రాసిన ప్రతి కేసులోను తీర్పు వార్త వ్రాసినవారు చేయి ఎత్తండి." ఒక్క చేయి లేవలేదు. ఆయన మందలించలేదు. పరువునష్టము అనగా ఏమి, న్యాయస్థాన ధిక్కారము అనగా ఏమి, ఆరోపణకు రుజువుకు ఎంత దూరము అన్నవి గంటసేపు నెమ్మదిగా వివరించినారు. ఆ గంటలో నా కన్నుల ముందు ఉన్నది నల్లబల్ల కాదు, ఆ నాలుగు మడతల కాగితము.

సెలవులలో ఊరికి వచ్చి ఆ కుటుంబమును వెదకితిని. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినారు. ఎక్కడికో ఇరుగుపొరుగువారికి తెలియదు. పాత పత్రికవారిని ప్రాధేయపడి, మూడేండ్లు ఆలస్యముగా, నాలుగు పంక్తుల వార్త వేయించితిని. ఆ తల్లి దానిని చూచినదో లేదో నేటికిని నాకు తెలియదు.

విశ్వవిద్యాలయము ఎందుకన్న ప్రశ్నకు నా మొదటి జవాబు ఇదే. కార్యాలయము ఎట్లు వ్రాయవలెనో నేర్పినది. వ్రాసినది ఎవరి ఇంటి మీద పోయి పడునో ఆలోచించు తీరిక తరగతి గది ఇచ్చినది. కార్యాలయములోని పెద్దలు చెడ్డవారని కాదు. రాత్రి పన్నెండింటికి అచ్చుయంత్రము కదులవలసిన చోట ఆ ఆలోచనకు సమయము చిక్కదు.

మారిన పేరు, మారిన పని

అట్లని విశ్వవిద్యాలయములను పొగడి ఊరుకొనుట న్యాయము కాదు. 1975 ఆగస్టు మొదలు ఏడాదిపాటు ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు ప్రసారమైనవి. వ్యవసాయము, ఆరోగ్యము, చదువు గురించి సమాచారము పల్లెకు చేరితే ఏమి మార్పు వచ్చునన్న పరిశోధన అప్పటి నుండి ఊపందుకొన్నది. క్రమముగా "జర్నలిజం" శాఖలు "జనసమాచారము, జర్నలిజం" శాఖలైనవి. ప్రకటనలు, ప్రజాసంబంధములు, చలనచిత్ర అధ్యయనము వచ్చి చేరినవి. 1990 దశకములో ప్రైవేటు టెలివిజన్ వచ్చిన తరువాత ఈ చదువుకు గిరాకీ పెరిగినది.

పరిధి విస్తరించుట మంచిదే. కాని వెడల్పు పెరిగినకొద్ది లోతు తగ్గినది. సమాచార సిద్ధాంతములపై పది పుటలు వ్రాయగల విద్యార్థి, నగరపాలక సంస్థ బడ్జెటు చదివి నాలుగు వాక్యములు వ్రాయలేకపోవుట నేను కన్నులార చూచితిని. ఆచార్యులకు పట్టములున్నవి, పత్రికానుభవము లేదు. పత్రికలవారికి అనుభవమున్నది, పట్టము లేదు గనుక విశ్వవిద్యాలయ ద్వారము వారికి తెరచుకొనలేదు. ఈ ఎడమును చూచియే తెలుగు దినపత్రికలు తమ సొంత పాఠశాలలు పెట్టుకొన్నవి. 1994లో బెంగుళూరులో ఆరంభమై 2000లో మన నగరమునకు వచ్చిన ఏషియన్ కాలేజి ఆఫ్ జర్నలిజం వంటి సంస్థలు విశ్వవిద్యాలయ చట్రమునకు వెలుపల నిలిచి పేరు తెచ్చుకొన్నవి.

అయితే పత్రిక నడుపు పాఠశాల ఆ పత్రికకు కావలసిన మనిషినే తయారుచేయును. అది సహజము. యజమానిని సైతము ప్రశ్నించు చదువు కావలెనన్నచో అది స్వతంత్రమైన విద్యాసంస్థ నుండియే రావలెను. కనుక విశ్వవిద్యాలయములను విడిచిపెట్టుట కాదు, బాగుచేసికొనుట మన పని.

ఏ భాషలో?

ఇక మనకు అన్నిటికన్న దగ్గరి ప్రశ్న. ఈ శాఖలలో బోధన ప్రధానముగా ఆంగ్లములోనే సాగినది. చదువు ఆంగ్లములో, ఉద్యోగము తెలుగులో. తెలుగు ఉపసంపాదకుని దినచర్యలో పెద్ద భాగము వార్తాసంస్థల ఆంగ్ల ప్రతిని అనువదించుట. ఆ విద్య ఎవరు నేర్పినారు? "కాల్పులు జరిగినవి" అని వ్రాయుదుము. ఎవరు కాల్చినారు? "పోలీసులు కాల్చినారు" అన్నచో కర్త కనబడును. "ఇండ్లు తొలగించబడినవి" అని వ్రాయుదుము. తొలగించినది ఎవరు? మన వ్యాకరణములో కర్తకు మొదటి స్థానము. కర్తను దాచు వాక్యము అనువాదపు బద్ధకముతో వచ్చి, క్రమముగా అధికారులకు అనుకూలమైన అలవాటుగా మారినది. ఇట్టి పాఠము ఆంగ్ల పాఠ్యగ్రంథములో దొరకదు. తెలుగు వాక్యమును ఎదుట పెట్టుకొనియే నేర్పవలెను.

ఈ దిశలో 1985లో హైదరాబాదున స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము పత్రికారచనను తెలుగులో బోధించుట విలువైన ప్రయత్నము. 2025లో ఆ సంస్థకు సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టినారు. ఒక విశ్వవిద్యాలయము పత్రికా సంపాదకుని పేరు ధరించుట మన వృత్తికి గౌరవమే. ఆ పేరుకు తగిన పాఠము అక్కడ చెప్పబడవలెనని ఆశింతము.

మన పిల్లల సంగతి చూడుడు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పుస్తకములో ఆంగ్లము. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత మాతృభాషా పరీక్ష విషయములో మనవారు పడిన ఇబ్బందులు మీకు తెలియనివి కావు. తమిళము నేర్చుట బరువని నేననను. ఈ నేల భాష అది, మన అన్నము భాష అది. మాతృభాషను పోగొట్టుకొని నేర్చుట మాత్రము నష్టము. మూడు భాషలు నిజముగా వచ్చిన బాలిక తమిళములోని కార్పొరేషను నోటీసు చదివి, ఆంగ్లములోని తీర్పుతో పోల్చి, తెలుగులో తన వాడకు చెప్పగలదు. అట్టి విలేకరిని ఏ విశ్వవిద్యాలయము కొత్తగా పుట్టించలేదు. ఇట్టి పాఠశాలయే పంపవలెను.

చేతిలో ఫోను ఉన్న కాలములో

"ప్రతివాడూ విలేకరే" అన్న మాటకు వచ్చెదను. 2015 డిసెంబరు వరదలు మనమెవ్వరము మరువలేదు. మెడలోతు నీటిలో మనుషులుండగా, మొసళ్ల ఉద్యానము నుండి మొసళ్లు తప్పించుకొని వచ్చుచున్నవని ఫోనులలో వదంతి పాకినది. అట్టిదేమియు లేదని ఆ సంస్థయే ప్రకటించవలసి వచ్చినది. వదంతిని పంపినవారు దుర్మార్గులు కారు, భయపడినవారు. పంపుటకు ముందు ఒక్క ఫోను చేసి కనుగొనవలెనన్న అలవాటు లేనివారు. ఆ అలవాటు పేరే పత్రికారచన. మిగిలినవన్నియు దానికి అలంకారములు.

2018లో యునెస్కో తప్పుడు సమాచారమును ఎదుర్కొను పద్ధతులపై పాత్రికేయ విద్య కొరకు ప్రత్యేక గ్రంథమును ప్రకటించినది. చిత్రము ఎప్పటిది, ఎక్కడిది, ఎవరు తీసినారు అని శోధించుట నేడు తరగతిలో నేర్పు విద్య. ఇక కృత్రిమ మేధ వచ్చినది. అది వాక్యములు అల్లును, అనువదించును, లేని బొమ్మను ఉన్నట్లు చూపును. కాని కోర్టు వరండాలో నిలబడి తీర్పు విని రాదు. నాలుగు మడతల కాగితము తెచ్చిన తల్లి కన్నులలోనికి చూడలేదు. వ్రాసినదానికి పూచీపడు మనిషి ఒకడు కావలెను. ఆ పూచీని నేర్పుటయే ఇకముందు విశ్వవిద్యాలయమునకు మిగిలిన ముఖ్యమైన పని.

నా విన్నపము

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఈ చదువు కోరినచో అడ్డుపడకుడు. కాని కళాశాలను ఎన్నుకొనునపుడు భవనములు, స్టూడియో దీపములు చూచి మురియకుడు. విద్యార్థులు తామే పత్రిక వెలువరింతురా, కోర్టుకు, ఆసుపత్రికి, వార్డు సభకు వారిని పంపుదురా, తెలుగులో గాని తమిళములో గాని వ్రాయింతురా, పత్రికలో పనిచేసినవారు బోధించుచున్నారా అని అడుగుడు. జీతము మొదటి ఏండ్లలో తక్కువేయని ముందే తెలిసికొనుడు. ఆ మాట మీకు దాచుట నా వృత్తిధర్మము కాదు.

అధ్యాపక సోదరీసోదరులారా, మేము చదువుకొన్న రోజులలో ఈ పాఠశాలలో ఒక లిఖిత పత్రిక ఉండెడిది. నెలకొక ప్రతి, చేతివ్రాతతో, ఒక్కటే ప్రతి. ఎనిమిదవ తరగతిలో నేను మన ఆటస్థలములో పాము కనబడినదని వ్రాసితిని. మా తెలుగు మాస్టారు ఎర్ర సిరాతో అంచున రెండు ప్రశ్నలు వ్రాసి తిరిగి ఇచ్చినారు. "ఎవరు చెప్పినారు? నీవు చూచినావా?" నేను చూడలేదు. ఆ వార్త పడలేదు. నా పాత్రికేయ విద్యలో మొదటి పాఠము, ఉత్తమమైన పాఠము అదే. దానిని మరచి ఉద్యోగములో చేరితిని గనుకనే ఒక యువకునికి అన్యాయము చేసితిని.

ఆ లిఖిత పత్రికను ఈ జూబిలీ సంవత్సరములో మరల ఆరంభింపుడని నా ప్రార్థన. కాగితము, సిరా, ఒక బల్ల, నెలకు ఒక సాయంకాలము చాలును. పూర్వవిద్యార్థులమైన మేము ఖర్చు భరింతుము. ఓపిక ఉన్నన్నాళ్లు నెలకొకసారి వచ్చి పిల్లలతో కూర్చుండుటకు నేను సిద్ధముగా నున్నాను. ఎర్ర సిరా కలము కూడ తెచ్చుకొందును.

ప్రశ్న అడిగిన తమ్ముడు ఈ సభలోనే ఉన్నారు. నాయనా, అమ్మాయిని చదివించు. చేరుటకు ముందు ఒకసారి నా వద్దకు పంపు. ఆమెకు ఆ తల్లి కథ మరొకసారి చెప్పవలెను.

మన పాఠశాల శతాబ్ది ఉత్సవములును తెలుగులోనే జరుగవలెనని భగవంతుని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.